డెప్త్ పెంచాలా, ఎవాల్యుయేషన్ పెంచాలా? సొంత చెస్ ఇంజిన్‌లో ఏది ముందు

పాస్డ్‌పాన్_పవన్
సీ++లో సొంతంగా రాసుకున్న ఇంజిన్. బిట్‌బోర్డులు (64 గడులకి 64 బిట్లు), నెగామ్యాక్స్ ఆల్ఫా-బీటా (పనికిరాని కొమ్మలు కోసేసే వెతుకులాట), క్యూసెర్చ్ (ఆఖర్న కొట్టివేతలు మాత్రమే చూసేది), ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ (చూసిన పొజిషన్లు దాచేది), నల్ మూవ్ (వంతు వదిలేసి చూసి కోసేది) ఉన్నాయి. ఎల్‌ఎమ్‌ఆర్ (వరసలో వెనకున్న ఎత్తులని తక్కువ డెప్త్‌తో చూడటం) ఇంకా లేదు. పెర్ఫ్ట్ (ఎత్తుల సంఖ్య సరిచూసే లెక్క) సరిగ్గానే వస్తోంది, మొదటి పొజిషన్ డెప్త్ 5కి 48,65,609. ఇప్పటిదాకా ఎవాల్ (పొజిషన్‌కి మార్కులేసే ఎవాల్యుయేషన్) అంటే పావుల విలువలు, పీస్-స్క్వేర్ టేబుళ్లు (ఏ పావు ఏ గడిలో ఉంటే ఎంత), అంతే. సెకనుకు 22 లక్షల నోడ్లు (చూసే పొజిషన్లు), ఎత్తుకు 1 సెకను ఇస్తే మిడిల్‌గేమ్‌లో డెప్త్ 10 (10 ప్లైలు, అంటే ఇరువైపులా కలిపి 10 ఎత్తులు) అందేది.

ఇప్పుడు మొబిలిటీ (పావు వెళ్లగల గడుల లెక్క), కింగ్ సేఫ్టీ, బంట్ల నిర్మాణం కలిపాను. వేగం సెకనుకు 7 లక్షల నోడ్లకు పడిపోయింది, డెప్త్ 9 దాటట్లేదు. పాత వెర్షన్‌తో 40 గేములు ఆడిస్తే కొత్తది 16-24తో ఓడింది. ఇంత విషయం నేర్పినా ఓడిపోతోందంటే ఎవాల్ మీద పెట్టే టైం దండగేనా? సెర్చ్ మీదే పడాలా?

క్విక్‌సార్ట్_కిట్టు
ఎవాల్ తీసి పక్కన పెట్టు బ్రో. పెస్టో టేబుళ్లు (రెడీమేడ్ పీస్-స్క్వేర్ టేబుళ్లు) వేసుకుని మిగతా టైమంతా సెర్చ్ మీద పెట్టు. ఎల్‌ఎమ్‌ఆర్ లేదంటున్నావుగా, అదొక్కటి పడితే డెప్త్ 10 కాస్తా 13 అవుద్ది. దూరం చూడగలిగితే తెలివి దానంతటదే వస్తుంది.

జుగ్జ్వాంగ్
ముందు ఆ 40 గేముల సంగతి. 16-24 అంటే దాదాపు 70 ఎలో (ఆట బలం రేటింగ్) తేడా. కానీ 40 గేముల మీద లెక్కలో ఊగిసలాటే ±85 దాకా ఉంటుంది. అంటే కొత్తది నిజంగా మెరుగైనా ఈ స్కోరు రావచ్చు. 100 గేములకు అది ±55, 1000 గేములకు గానీ ±17 దగ్గరికి రాదు.

పవన్ గారూ, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలగలిసి ఉన్నాయి. కొత్త ఎవాల్ ఇచ్చే అంకె పాతదానికన్నా సరైనదేనా అన్నది ఒకటి. ఆ అంకె కోసం ఖర్చయ్యే టైం గిట్టుబాటవుతుందా అన్నది రెండోది. టైం పెట్టి ఆడిస్తే ఈ రెండూ ఒకే ఫలితంలో కలిసిపోయి ఏది ఏమిటో తెలియదు. కాబట్టి రెండు వెర్షన్లకీ ఎత్తుకు ఒకే సంఖ్యలో నోడ్లు ఇచ్చి ఆడించండి, 2 లక్షలు అనుకోండి. క్యూట్‌చెస్‌లో (ఇంజిన్లని ఆడించే ప్రోగ్రాం) నోడ్ల పరిమితి పెట్టి టైం కంట్రోల్‌ని అనంతం చేస్తే సరిపోతుంది. ఇంజిన్ మాత్రం యూసీఐ (ఇంజిన్‌తో మాట్లాడే ప్రమాణం) "గో నోడ్స్" ఆదేశాన్ని పాటించాలి.

నోడ్లు సమానంగా ఇచ్చినా ఓడితే వేగాన్ని తిట్టుకుని లాభం లేదు. ఎవాల్‌లో బగ్ ఉంది, లేదా వెయిట్లు తప్పు. నోడ్ల మీద గెలిచి టైం మీద ఓడితే ఎవాల్ మంచిదే, దాన్ని తక్కువ ఖర్చుతో లెక్కకట్టే పని మిగిలింది.

డెప్త్ సమానం చేసి మాత్రం పోల్చకండి. ఎవాల్ మారితే నల్ మూవ్ ఎక్కడ కోస్తుందో కూడా మారిపోతుంది. అదే డెప్త్ 8కి ఒక వెర్షన్ రెట్టింపు నోడ్లు తినేయొచ్చు.

హాష్‌కీ_హరిత
పైన చెప్పిన మ్యాచ్‌కి ముందు ఐదు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. పొజిషన్‌ని నిలువుగా తిప్పి (1వ వరుస 8కి, 8వ వరుస 1కి), పావుల రంగులు మార్చి, ఎత్తు వంతు కూడా మార్చండి. ఎవాల్ అంకె అచ్చంగా అదే రావాలి. ఒక్క సెంటీపాన్ (బంటులో వందో వంతు) తేడా వచ్చినా బగ్ ఉన్నట్టే. వెయ్యి పొజిషన్ల ఫైల్ మీద లూప్ తిప్పండి. కింగ్ సేఫ్టీ, పాస్డ్ బంటు కోడ్‌లో నల్లవైపు వరుస నంబరు తిరగేయడం మర్చిపోవడం చాలా మామూలు బగ్. గేములు చూస్తూ కూర్చుంటే అది కనబడదు.

వేగం లెక్క కూడా చూద్దాం. 22 నుంచి 7 అంటే సుమారు 3 రెట్లు నెమ్మది. ఎన్ని ప్లైలు పోతాయన్నది మీ బ్రాంచింగ్ మీద ఆధారపడి ఉంటుంది. ఒక డెప్త్ నోడ్లని ముందు డెప్త్ నోడ్లతో భాగిస్తే వచ్చేదే అది. 6 ఉంటే 0.6 ప్లై పోతుంది. 2 ఉంటే 1.6 ప్లై. మీకు సరిగ్గా ఒక ప్లై పోయిందంటే బ్రాంచింగ్ 3 దగ్గర ఉంది. ఎల్‌ఎమ్‌ఆర్ పెట్టాక అది 2 వైపు దిగుతుంది, అప్పుడు ఇదే ఎవాల్ ఖర్చు ప్లైలలో ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. కంగారు పడకండి. అప్పుడు ఒక్కో ప్లై చవకగా వస్తుంది కాబట్టి ఒక్కోదాని విలువా తగ్గుతుంది. టైంతోనే కొలవండి, డెప్త్ అంకెతో వద్దు.

క్విక్‌సార్ట్_కిట్టు
సరే హరిత గారూ, టైంతోనే కొలుద్దాం. 3 రెట్ల టైం తినే ఎవాల్ దానికి తగ్గ లాభం తేవాలి కదా. మొబిలిటీ ఒక్కటే తెస్తుందా అంత?

వరంగల్_రూక్
కిట్టు భయ్యా, ఎంత లోతుకు పోయినా దొరకనివి కొన్ని ఉంటయి. తెల్లకి రాజు, తెల్లగడి బిషప్, హెచ్ ఫైల్ల బంటు. నల్లకి ఒంటి రాజు, పోయి హెచ్8 మూలల కూసున్నడు. హెచ్8 నల్లగడి, ఆ బిషప్ దాన్ని ఎన్నటికీ కొట్టలేదు. డ్రా. నీ ఇంజిన్ మాత్రం బంటు 100, బిషప్ 330 లెక్కన +430 చూపిస్తది. డెప్త్ 10ల +430, డెప్త్ 30ల గూడ +430. 50 ఎత్తుల నియమం 100 ప్లైల అవతల ఉంటది, అంత దూరం ఎవడు చూస్తడు? గెలిచే ఎండ్‌గేమ్ చేతుల ఉన్నా ఈ +430 చూసి పావులు మార్చుకుని ఇటే వస్తది.

పది లైన్ల కోడ్ చాలు. బలమైన వైపు బిషప్ ఒక్కటే ఉండాలె, బంట్లన్నీ ఏ ఫైల్ల గాని హెచ్ ఫైల్ల గాని ఉండాలె, ప్రమోషన్ గడి రంగు బిషప్ రంగు ఒకటి కావద్దు, ఎదుటి రాజు ఆ మూలల గాని పక్క గడిల గాని ఉండాలె. నాలుగూ నిజమైతే సున్నా ఇచ్చెయ్.

క్విక్‌సార్ట్_కిట్టు
@వరంగల్_రూక్ దానికి సిజిజీ టేబుల్‌బేస్ (కొద్ది పావుల పొజిషన్లకి ముందే కట్టిన జవాబులు) ఉందిగా అన్నా. 5 పావులది 1 జీబీ లోపే.

వరంగల్_రూక్
ఉన్నది. కని నల్లకి రెండు బంట్లు, తెల్లకి ఇంకో బంటు మిగిలినయనుకో, బోర్డు మీద 7 పావులు. నీ 5 పావుల టేబుల్ అప్పటికి నోరు తెరవదు. ఎవాల్‌ల ఉంటే ఆకు నోడ్ల (సెర్చ్ ఆగే చోట్ల) కాడికెల్లి ముందుగాల్నే తెలుస్తది.

జుగ్జ్వాంగ్
కిట్టు మాటలో నిజం ఉన్న సందర్భం కూడా చెప్పాలి. 1972 రెయిక్యవిక్, ఫిషర్-స్పాస్కీ మొదటి గేమ్, 29వ ఎత్తు. నల్లతో ఫిషర్ బిషప్‌తో హెచ్2 బంటుని కొట్టాడు. స్పాస్కీ జీ3 ఆడి దారి మూసేశాడు. ఆ తర్వాత హెచ్5, రాజు ఈ2, హెచ్4, రాజు ఎఫ్3, రాజు ఈ7, రాజు జీ2, హెచ్×జీ3, ఎఫ్×జీ3, బిషప్×జీ3, చివరికి రాజు ఆ బిషప్‌ని తీసుకున్నాడు. బంటుని కొట్టిన ఎత్తుతో కలిపి 12 ప్లైలు. రెండు బంట్లకి ఒక బిషప్ పోయింది. గేమ్ స్పాస్కీ గెలిచాడు.

పవన్ గారి పాత వెర్షన్ డెప్త్ 10లో ఆ పొజిషన్ చూస్తే "బంటు ఉచితం" అనుకునే ప్రమాదం ఉంది. మధ్యలో అన్నీ నెమ్మది (ఏమీ కొట్టని) ఎత్తులే, క్యూసెర్చ్ వాటిని చూడదు. డెప్త్ 14 ఉంటే లెక్కలోనే దొరుకుతుంది. లేదా ఎవాల్‌లో ఒక్క లైన్: హెచ్2లో నల్ల బిషప్, జీ3లో తెల్ల బంటు ఉంటే 100కి పైగా పెనాల్టీ. ఏ2-బీ3కి కూడా అదే, తెల్లవైపు హెచ్7-జీ6, ఏ7-బీ6. రెండు బిట్ పరీక్షలు, ఖర్చు దాదాపు సున్నా. అందుకే నా దృష్టిలో వరస ఇలా ఉండాలి: సెర్చ్‌కి ఎప్పటికీ అందనివి ముందు, చవకగా దొరికేవి తర్వాత, మొబిలిటీ లాంటి ఖరీదైనవి ఆఖర్న.

ఫ్యూటిలిటీ_ఫణి
ఇంతవరకూ ఎవరూ అనలేదు గానీ సెర్చ్, ఎవాల్ రెండు వేరు గదులు కావు. నల్ మూవ్ ఎప్పుడు ప్రయత్నించాలి? ఎవాల్ బీటాకి (ఎదుటివాడు రానిచ్చే పైహద్దు) సమానంగానో పైనో ఉంటే. ఫ్యూటిలిటీ (లాభం లేని ఎత్తుల కోత) ఎక్కడ కోయాలి? ఎవాల్ ప్లస్ మార్జిన్ కూడా ఆల్ఫాకి (ఇప్పటికే దొరికిన మంచి స్కోరు) అందకపోతే. ఆస్పిరేషన్ విండో (పాత స్కోరు చుట్టూ ఇరుకు హద్దు) ±30 పెడతాం, స్కోరు పెద్దగా గెంతదన్న నమ్మకంతో. పవన్ పాత ఎవాల్ నెమ్మది ఎత్తుకి 10, 20 సెంటీపాన్లు కదిలేది. ఇప్పుడు ఒక రూక్ ఓపెన్ ఫైల్‌కి వస్తే మొబిలిటీ పెరుగుతుంది, రాజు చుట్టూ దాడి లెక్క కూడా పెరుగుతుంది, కలిపి 70 గెంతొచ్చు. మార్జిన్లు పాతవే ఉంచితే మంచి ఎత్తులు కోతకి బలైపోతాయి, విండో బయటికి పడి మళ్లీ మళ్లీ సెర్చ్ చేయాల్సి వస్తుంది.

పవన్, ఫ్యూటిలిటీ ఉందా నీ దాంట్లో? ఉంటే మార్జిన్ ఎంత?

పాస్డ్‌పాన్_పవన్
డెప్త్ 1కి 100, డెప్త్ 2కి 200. ఆస్పిరేషన్ ±25.

హరిత గారి తిప్పుడు పరీక్ష 1000 పొజిషన్ల మీద పాసైంది. నోడ్ల మ్యాచ్ పెట్టాను, ఎత్తుకు 2 లక్షల నోడ్లు, 1000 గేములు. కొత్తదానికి 548 పాయింట్లు వచ్చాయి.

జుగ్జ్వాంగ్
అయితే తేలింది. 54.8 శాతం అంటే సుమారు +33 ఎలో, ఊగిసలాట తీసేసినా ప్లస్సే. ఎవాల్ చెప్పేది సరైనదే, ఖరీదు ఎక్కువైంది. వెయిట్లు సర్దితే ఇంకా వస్తుంది. ఇప్పుడు ప్రొఫైల్ చేయండి.

ఫ్యూటిలిటీ_ఫణి
దానితో పాటు ఆ మార్జిన్లు డెప్త్ 1కి 150, డెప్త్ 2కి 300 చేసి చూడు. ఆస్పిరేషన్ ±40. అయితే రెండూ వేర్వేరు పరీక్షలుగా.

పాస్డ్‌పాన్_పవన్
ప్రొఫైల్ ఇదిగో. మొత్తం టైంలో ఎవాల్ 68 శాతం. అందులో బంట్ల నిర్మాణం దాదాపు మూడో వంతు, మిగిలింది మొబిలిటీ, కింగ్ సేఫ్టీ సగం సగం. క్యూసెర్చ్ నోడ్లు మొత్తంలో 74 శాతం. బీటా కటాఫ్ (బీటా దాటి వెతుకులాట ఆగడం) మొదటి ఎత్తులోనే పడేది 79 శాతం.

హాష్‌కీ_హరిత
మూడు చోట్ల డబ్బులు కారిపోతున్నాయి.

బంట్లు: బంట్ల గడులకు మాత్రమే వేరే జోబ్రిస్ట్ కీ (పొజిషన్‌ని గుర్తించే అంకె) పెట్టుకోండి. బంటు కదిలినప్పుడు, పోయినప్పుడు, ప్రమోట్ అయినప్పుడే అది మారుతుంది. 16 వేల ఎంట్రీల టేబుల్ చాలు. ఒక్కో ఎంట్రీలో కీ, మిడిల్‌గేమ్ స్కోరు, ఎండ్‌గేమ్ స్కోరు, పాస్డ్ బంట్ల బిట్‌బోర్డు. సెర్చ్‌లో ఎక్కువ ఎత్తులు బంట్లని ముట్టుకోవు కాబట్టి నూటికి తొంభై పైనే టేబుల్‌లో దొరుకుతాయి. ఆ మూడో వంతు ఖర్చు ఇక్కడితో దాదాపు మాయం. ఒక జాగ్రత్త: రాజు దూరం, పాస్డ్ బంటు ముందున్న పావు లాంటివి ఈ టేబుల్‌లో దాచకూడదు. అవి బంట్ల కీ మీద ఆధారపడవు, పాత స్కోరు తప్పుగా బయటికొస్తుంది. బిట్‌బోర్డు మాత్రం దాచి, ఆ లెక్క బయట కట్టండి.

మొబిలిటీ, కింగ్ సేఫ్టీ: ఒక్కో పావు దాడి చేసే గడుల బిట్‌బోర్డు ఒక్కసారే తీయండి. దాన్నే మొబిలిటీకి లెక్కపెట్టి, దాన్నే ఎదుటి రాజు చుట్టుపక్కల గడులతో యాండ్ చేయండి. రెండు లూపులు వేరుగా ఉంటే మ్యాజిక్ టేబుల్ (బిషప్, రూక్ దాడి గడులిచ్చేది) వెతుకులాట రెండుసార్లు అవుతోంది. కంపైలర్‌కి ఓ3తో పాటు మార్చ్-నేటివ్ ఇచ్చారా? లేకపోతే బిట్లు లెక్కపెట్టేది ఒక్క పాప్‌కౌంట్ సూచన కాకుండా లూప్‌గా నడుస్తూ ఉండొచ్చు.

ఇక ఎవాల్‌ని పిలిచేదే తగ్గించాలి. లెక్కకట్టిన స్టాటిక్ స్కోరుని ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ ఎంట్రీలోనే దాచండి, 16 బిట్లు చాలు. అదే పొజిషన్ మళ్లీ వస్తే ఎవాల్ అక్కర్లేదు.

జుగ్జ్వాంగ్
క్యూసెర్చ్ 74 శాతం ఎక్కువే. ఎస్‌ఈఈ (ఒక గడిలో కొట్టివేతల లాభనష్టాల లెక్క) పెట్టి నష్టపోయే కొట్టివేతలని అసలు ఆడొద్దు, కాపలా ఉన్న బంటుని మంత్రితో కొట్టడం లాంటివి. డెల్టా కోత కూడా: స్టాండ్-పాట్ స్కోరుకి (ఏమీ కొట్టకుండా ఆగితే వచ్చే ఎవాల్), కొట్టే పావు విలువకి ఇంకో 200 కలిపినా ఆల్ఫాకి అందకపోతే వదిలేయండి. ఎండ్‌గేమ్‌లో డెల్టా ఆపేయండి, అక్కడ చివరి పావు కొట్టడమే డ్రానో గెలుపో తేల్చొచ్చు. చెక్‌లో ఉన్నప్పుడు స్టాండ్-పాట్ కూడదు, అన్ని ఎత్తులూ చూడాలి.

మొదటి ఎత్తు కటాఫ్ 79 శాతం తక్కువ. 90 దగ్గరికి రావాలి. ఎత్తులు చూసే వరస ఏమిటి మీది?

పాస్డ్‌పాన్_పవన్
టేబుల్ ఎత్తు, తర్వాత ఎమ్‌వీవీ-ఎల్‌వీఏతో (పెద్ద పావుని చిన్నదానితో కొట్టేవి ముందు) కొట్టివేతలు, తర్వాత మిగతావి జనరేట్ అయిన వరసలో.

క్విక్‌సార్ట్_కిట్టు
అదీ సంగతి! కిల్లర్లు (అదే ప్లైలో ఇంతకుముందు కటాఫ్ ఇచ్చిన నెమ్మది ఎత్తులు) లేవు, హిస్టరీ (ఏ ఎత్తు ఎంత పనిచేసిందో లెక్క) లేదు. అది లేకుండా ఎల్‌ఎమ్‌ఆర్ కూడా పెట్టొద్దు బ్రో, నా మొదటి మాటకి ఇది చేర్చుకో. వరస బాగోకపోతే మంచి ఎత్తు ఎక్కడో 20వ స్థానంలో ఉంటుంది, ఎల్‌ఎమ్‌ఆర్ దాన్నే తగ్గించి చూస్తుంది.

ప్లైకి రెండు కిల్లర్లు. హిస్టరీకి [రంగు][నుంచి][కి] అర్రే, కటాఫ్ ఇచ్చిన నెమ్మది ఎత్తుకి డెప్త్×డెప్త్ కలుపు, దానికన్నా ముందు ఆడి పని చేయని నెమ్మది ఎత్తులకి అంతే తీసెయ్. ఆ తర్వాత ఎల్‌ఎమ్‌ఆర్: డెప్త్ 3 పైన, నాలుగో ఎత్తు నుంచి, కొట్టివేతలు, చెక్‌లు, కిల్లర్లు వదిలేసి. తగ్గింపుకి 0.75 + లాగ్(డెప్త్)×లాగ్(ఎత్తు నంబరు)/2.25, ముందే టేబుల్ కట్టుకో. తగ్గించి చూసింది ఆల్ఫా దాటితే పూర్తి డెప్త్‌తో మళ్లీ చూడాలి. ఆ రెండోసారి చూడటం వదిలేస్తే డెప్త్ అంకె అద్భుతంగా కనిపిస్తుంది, ఆట మాత్రం ఘోరంగా ఉంటుంది.

వరంగల్_రూక్
ఇగో, గిప్పుడు కిట్టు నోటికెల్లి పనికొచ్చే మాట వచ్చింది :)

క్విక్‌సార్ట్_కిట్టు
@వరంగల్_రూక్ నీ పది లైన్లు కూడా నా ఇంజిన్‌లో వేసుకుంటున్నాలే అన్నా.

ఎన్‌కోడర్_సుధ
చేత్తో ఇవన్నీ రాయడం ఎందుకు అసలు? స్టాక్‌ఫిష్ ఇంజిన్‌లో 12వ వెర్షన్, సెప్టెంబర్ 2020 నుంచే ఎన్‌ఎన్‌యూఈ (న్యూరల్ నెట్ ఎవాల్). 2024లో వచ్చిన స్టాక్‌ఫిష్ 16.1లో చేత్తో రాసిన ఎవాల్ పూర్తిగా తీసేశారు. సెకనుకు నోడ్లు తగ్గినా బలం పెరిగింది. పవన్ గారి ప్రశ్నకి అదే జవాబు కాదా?

జుగ్జ్వాంగ్
సుధ గారూ, ఎవాల్ గెలవగలదనడానికి అది గట్టి సాక్ష్యమే. 2017లో న్యూరల్ నెట్‌తో ఆడే ఆల్ఫాజీరో సెకనుకు 80 వేల పొజిషన్లు చూస్తూ 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ని ఓడించింది. అటువైపు 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ సెకనుకు 20 కోట్లు చూసేది. అయితే దాని ఎవాల్ తేలికైనదేం కాదు, చిప్‌లోకి దించారు కాబట్టి అంత వేగం. అక్కడ ఎవరూ ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోలేదు, ఖరీదైన ఎవాల్‌ని చవక చేసే దారి వెతికారు. ఎన్‌ఎన్‌యూఈ కిటుకు కూడా అదే: నెమ్మది ఎత్తుకి ఇన్‌పుట్‌లో రెండు అంకెలే మారతాయి, కొట్టివేతకి మూడు. మొదటి పొరని మొదటి నుంచి కట్టకుండా ఆ తేడాలే కలిపి తీసేస్తారు.

పవన్ గారు అక్కడికి వెళ్లొచ్చు. కానీ కటాఫ్ 79 శాతం ఉన్న సెర్చ్ మీద నెట్ పెడితే, ఆ మెరుగైన స్కోరు సగం వృథా నోడ్ల మీదే ఖర్చవుతుంది. వరస సరిచేయడం ఎలాగూ తప్పదు.

ఎన్‌కోడర్_సుధ
ఒప్పుకుంటా. అయినా ట్యూనింగ్ ఒక్కసారి మొదలుపెట్టాక నెట్‌కీ దానికీ డేటా పని ఒకటే, అందుకే అన్నాను.

ఫ్యూటిలిటీ_ఫణి
ట్యూనింగ్ మాట వచ్చింది కాబట్టి. పవన్, పీస్-స్క్వేర్ టేబుళ్లు ఎక్కడివి?

పాస్డ్‌పాన్_పవన్
పెస్టోవే. మిడిల్‌గేమ్/ఎండ్‌గేమ్ లెక్కన బంటు 82/94, గుర్రం 337/281, బిషప్ 365/297, రూక్ 477/512, మంత్రి 1025/936. ఫేజ్ (ఆట ఏ దశలో ఉందో లెక్క) గుర్రం 1, బిషప్ 1, రూక్ 2, మంత్రి 4, మొత్తం 24.

ఫ్యూటిలిటీ_ఫణి
అక్కడే చిక్కు. ఆ టేబుళ్లు మొబిలిటీ లేని ఎవాల్ కోసం సర్దినవి. నడిమధ్య గుర్రానికి టేబుల్ ఇప్పటికే బోనస్ ఇస్తోంది, నువ్వు మొబిలిటీ కింద అదే గుర్రానికి మళ్లీ ఇస్తున్నావు. ఒకే గుణానికి రెండుసార్లు మార్కులు. ఫలితంగా మంచి గడిలో ఉన్న గుర్రం కోసం బంటు వదిలేస్తుంది ఇంజిన్.

ముందు మొబిలిటీని సగటు సున్నా చుట్టూ తెచ్చుకో: గుర్రానికి (గడులు − 4)×4, బిషప్‌కి (గడులు − 6)×3, రూక్‌కి (గడులు − 7)×2, మంత్రికి (గడులు − 13)×1. ఎదుటి బంట్లు కొట్టే గడులు లెక్కలోకి తీసుకోకు. చెస్ ప్రోగ్రామింగ్ మీద షానన్ 1950 వ్యాసంలో ఒక్కో అదనపు ఎత్తుకి 0.1 బంటు ఇచ్చాడు. టేబుళ్లతో కలిపి అంత ఇస్తే చాలా ఎక్కువ.

ఆ తర్వాత టెక్సెల్ పద్ధతిలో అన్నీ కలిపి ట్యూన్ చెయ్. ఫలితం రాసి ఉన్న నెమ్మది పొజిషన్ల ఫైల్ ఒకటి అందుబాటులో ఉంది, 7,25,000 పొజిషన్లు. ఎవాల్‌ని 1/(1+10^(−కే×స్కోరు/400)) లోకి పంపి, గేమ్ ఫలితంతో (1, 0.5, 0) తేడా వర్గాల సగటు తగ్గించాలి. కే ముందే కనుక్కుని బిగించెయ్, లేకపోతే వెయిట్లన్నీ కలిసి పెద్దవో చిన్నవో అవుతూ తిరుగుతాయి. టేబుళ్లు, మొబిలిటీ రెండూ ఒకేసారి కదలాలి, ఒకటి బిగించి ఒకటి కదిపితే రెండుసార్ల మార్కులు అలాగే ఉంటాయి.

కింగ్ సేఫ్టీ ఒక్కటే దీనికి అంత తేలిగ్గా లొంగదు, అది సరళరేఖ కాదు. దాడి చేసే పావులు రెండుకన్నా తక్కువైతే సున్నా ఇవ్వు. గడికి చిన్న పావుకి 2, రూక్‌కి 3, మంత్రికి 5 యూనిట్లు కూడి, మెల్లగా మొదలై తర్వాత గబగబా పెరిగే టేబుల్‌లో చూడు. ఎదుటివాడి మంత్రి లేకపోతే దాదాపు తీసెయ్. ఇవి ఎక్కువ పెట్టినప్పుడే ఇంజిన్ లేని దాడి కోసం గుర్రాలు బలిస్తుంది.

పాస్డ్‌పాన్_పవన్
బంట్ల టేబుల్, కలిపిన దాడి లూప్, స్టాటిక్ స్కోరు దాచడం అయ్యాయి. 7 లక్షల నుంచి 14.5 లక్షలకు వచ్చింది. కిల్లర్లు, హిస్టరీతో మొదటి ఎత్తు కటాఫ్ 88 శాతం. కొత్త ఎవాల్‌తోనే 1 సెకనుకు ఇప్పుడు డెప్త్ 11, ఎల్‌ఎమ్‌ఆర్ ఇంకా పెట్టలేదు.

ఒకటి అర్థం కావట్లేదు. స్కోరు సరి డెప్త్‌లో ఒకలా, బేసి డెప్త్‌లో ఒకలా ఊగుతోంది, 30 దాకా తేడా.

హాష్‌కీ_హరిత
ఆఖరి ఎత్తు ఎవరిదైతే వాళ్లకి స్కోరు కాస్త ఎక్కువ కనిపిస్తుంది, మొబిలిటీ వచ్చాక ఇది పెరుగుతుంది. ఎత్తు వంతు ఉన్నవాళ్లకి 10 నుంచి 20 సెంటీపాన్లు టెంపో బోనస్ ఇవ్వండి, చాలావరకు సద్దుమణుగుతుంది. ఫణి గారు చెప్పిన ±40 విండో దీనికీ పనికొస్తుంది.

జుగ్జ్వాంగ్
ఇక పరీక్షలు ఎస్‌పీఆర్‌టీతో (ఫలితం తేలగానే ఆగే గణాంక పరీక్ష) పెట్టండి. ఎలో హద్దులు 0, 10, తప్పు తేలే అవకాశాలు (ఇక్కడి ఆల్ఫా, బీటా సెర్చ్‌వి కావు) 0.05. ఎల్‌ఎల్‌ఆర్ (ఆ పరీక్ష స్కోరు) +2.94 దాటితే ఉంచండి, −2.94కి దిగితే తీసేయండి. టైం గేముకి 8 సెకన్లు + ఎత్తుకి 0.08. ఒక్కో ఓపెనింగ్‌ని రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి. కోర్లు ఎన్ని ఉంటే అన్ని గేములు ఒకేసారి పెట్టకండి, ఒకటి రెండు కోర్లు ఖాళీగా ఉంచండి. లేకపోతే టైం అయిపోయి ఓడిన గేములు లెక్క చెడగొడతాయి.

పాస్డ్‌పాన్_పవన్
టెంపో 12 పెట్టాను, ఊగడం తగ్గింది. పాత వెర్షన్ మీద టైం మ్యాచ్ నడుస్తోంది, ఎల్‌ఎల్‌ఆర్ 1.87. అయ్యాక ఎల్‌ఎమ్‌ఆర్ ఒక్కటే విడిగా పెడతాను, తర్వాత ట్యూనింగ్.

వరంగల్_రూక్
ఎల్‌ఎమ్‌ఆర్ పెట్టేటప్పుడు నల్ మూవ్ షరతు గూడ ఒకసారి చూస్కో. ఎత్తు వంతు ఉన్న వైపు రాజు, బంట్లే ఉంటే నల్ మూవ్ వద్దు. రెండూ కలిస్తే బంట్ల ఎండ్‌గేమ్‌ల జుగ్జ్వాంగ్ (ఏ ఎత్తు ఆడినా నష్టమే అయ్యే స్థితి) అసలే కనబడది.

జుగ్జ్వాంగ్
నేను ఎప్పుడూ కనబడుతూనే ఉంటాను :) ఆ షరతు మాత్రం తప్పకుండా పెట్టండి పవన్ గారూ.